బీరువా కాలి కింది నష్టపరిహారం

జరిమానా గుమాస్తా పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకునే తీరు ఇంట్లోవాళ్ళకి అలవాటైపోయింది గానీ, కొత్తగా వచ్చిన చుట్టాలు మాత్రం నోరు తెరుచుకుని వినేవారు.

"స్వామీ, నూట పన్నెండు నంబరాయనకి కాళ్ళనొప్పి తగ్గించు, వాయిదా కట్టడానికి నడిచి రావాలి. మూడువందల ఏడుకి కాస్త బుద్ధి ప్రసాదించు. నలభై ఒకటి నిన్నటితో మొత్తం కట్టేశాడు. వాణ్ణి చల్లగా చూడు, మళ్ళీ మా గుమ్మం తొక్కనివ్వకు."

అలా కళ్ళు మూసుకుని ఫైలు నంబర్ల వరసన లోకాన్నంతా దేవుడికి అప్పగించి, చివర్లో గుర్తొస్తే భార్యాపిల్లల్ని కూడా అప్పగించేవాడు. "మాకు నంబర్లు లేవు కదా, అందుకే ఆఖరున వస్తాం" అనేది భార్య.

ఆయన ఉద్యోగం క్రిమినల్ కోర్టులో. జడ్జిగారు వేసిన జరిమానాలు వసూలు చేయడం, రిజిస్టరులో ఎక్కించడం, ఆ జరిమానాలోంచి దెబ్బ తిన్నవాళ్ళకి ఇంత ఇవ్వమని తీర్పులో ఉంటే ఆ సొమ్ము వాళ్ళ చేతిలో పెట్టడం. ఇంతమందిని వసూలు చేసే మనిషి ఎలా ఉంటాడనుకుంటాం? గుబురు మీసాలు, ఎర్రటి కళ్ళు. ఈయనకి ఆ రెండూ లేవు. బల్ల పక్కన ఒక కుర్చీ, కుర్చీ మీద నీళ్ళకుండ, దాని మీద బోర్లించిన గ్లాసు ఉండేవి. కట్టడానికి వచ్చినవాడికి ముందు మంచినీళ్ళు, ఆ తరువాతే రసీదు. దాహంతో ఉన్నవాడి దగ్గర డబ్బు తీసుకోకూడదని చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ చెప్పిందట. జేబులో ఉన్నదంతా కట్టేసి బస్సుచార్జీ లేక గుమ్మం దగ్గర తచ్చాడేవాణ్ణి పిలిచి తన జేబులోంచి తీసి ఇచ్చేవాడు.

"జరిమానా వసూలు చేసుకు రావయ్యా మగడా అంటే, నువ్వే కట్టి వస్తావు" అని భార్య దెప్పేది. దెప్పుతూనే మర్నాడు ఆ జేబులో బస్సుచార్జీకి సరిపడా చిల్లర వేసి పంపేది.

ఆయనకి ఉన్న డాబు ఒక్కటే. చొక్కా. మడత నలగని, కాలరు వంగని చొక్కా వేసుకుంటే గానీ కోర్టు మెట్టెక్కేవాడు కాదు. "ఎదుటివాడు తలవంచుకుని వస్తాడు. మనం శుభ్రంగా కనబడితే వాడికి కాస్త గౌరవంగా ఉంటుంది" అనేవాడు. ఆ చొక్కాలన్నీ కోర్టు గేటు దగ్గరి ఇస్త్రీ అక్క చేతి మీదుగా వచ్చేవి. ఆమె ఎడమచేత్తో ఇస్త్రీ చేసేది. పుట్టుక వాటం కాబోలు అనుకున్నాడాయన. ఆమె బండికి చక్రాలుండవు, నాలుగు మూలలా ఇటుకల మీద నిలబడి ఉంటుంది. దాన్ని గురించి ఏమీ అనుకోలేదు. రోజూ కళ్ళపడే దాన్ని మనం చూడం కదా.

ఆ ఏడు కోర్టుకి రంగులు వేయించారు. రంగులతో పాటు గేటు పక్కన ఒక కాగితం కూడా అంటించారు. గేటు ముందు కదలకుండా పాతుకుపోయిన బండ్లన్నీ నెలాఖరుకి తీసేయాలి, తోసుకుపోగలిగినవి మాత్రమే పగటిపూట నిలుపుకోవచ్చు అని. ఇస్త్రీ అక్కకి చదువు రాదు, ఒక లాయరుగారి గుమాస్తా చదివి వినిపించాడు. "సరేలే బాబూ, దేవుడున్నాడు" అని బొగ్గులు విసురుకుంది.

లోపల గోడలు గీకుతున్నారు. జరిమానా గుమాస్తా బీరువా జరిపితే గానీ వెనక గోడ కనబడదు. నలుగురు చేయివేసి లాగారు. బీరువా కదిలింది, నాలుగో కాలి కింద నుంచి జానెడు వెడల్పు కాగితాల కట్ట ఒకటి బయటపడింది.

"సార్, ఈ కట్ట మళ్ళీ కాలి కిందే పెట్టమంటారా? ఇటుక ముక్క దొరికింది, అది పెట్టమంటారా?" అని అడిగాడు రంగులవాడు.

గుమాస్తా కట్ట అందుకుని దుమ్ము దులిపాడు. నట్టనడుమ బీరువా కాలు గుండ్రంగా దిగబడి, ఆ గుంట మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పడింది. విప్పి చదివాడు. టెంట్‌హౌస్ యజమాని ఒకడు వ్యాను వెనక్కి నడుపుతూ చూసుకోకుండా కోర్టు గేటు దగ్గరి ఇస్త్రీ బండిని గుద్దాడు. బండి చక్రాలు విరిగాయి. బండి దగ్గరున్న ఆమె కుడి మణికట్టు విరిగింది. జరిమానా ఇరవై వేలు. అందులో పద్దెనిమిది వేలు ఆమెకి నష్టపరిహారంగా ఇవ్వాలి. కట్టకపోతే నెల రోజులు జైలు. దాని కింద పాత గుమాస్తా ఎర్రసిరాతో రాసిన ముక్క ఉంది. "ముద్దాయి డబ్బు కట్టలేదు. జైలు అనుభవించినాడు. ఫైలు చెల్లు."

చిక్కంతా ఆ 'చెల్లు' దగ్గరే వచ్చింది. ముద్దాయి జైల్లో కూర్చుని వచ్చినంత మాత్రాన దెబ్బ తిన్న మనిషికి రావలసింది ఎక్కడికీ పోదు. పరిహారం కలిసున్న జరిమానాని ఆస్తి జప్తు చేసైనా రాబట్టాలి. కానీ ఆరేళ్ళలోపే. గుమాస్తా తీర్పు తేదీ చూసి వేళ్ళ మీద లెక్క వేశాడు. మళ్ళీ వేశాడు. ఇంకా పదకొండు రోజులున్నాయి.

"ఎవరయ్యా దీన్ని ఇక్కడ పెట్టింది?" అన్నాడు. ఆయన గొంతు పెంచడం ఆ గదిలో ఎవరూ ఎరగరు.

బంట్రోతు మెడ గోక్కున్నాడు. "మీరే సార్."

"నేనా?"

"మీరు ఈ బల్లకి వచ్చిన మొదటి వారం. బీరువా ఊగుతోంది, నెత్తిన పడేలా ఉందన్నారు. చెల్లైన ఫైలు కదా అని నేను మడిచి దోపాను. 'భలే బుర్రోయ్ నీది' అని మీరు టీ కూడా ఇప్పించారు."

దీపం కింద చీకటంటే ఇదే. నాలుగేళ్ళుగా ఆయన న్యాయమంతా ఆ ఇస్త్రీ అక్క విరిగిన చేతి మీద నిలబడి ఉంది. లేచి గేటు దగ్గరికి నడిచాడు.

"ఏంటి బాబూ, చొక్కా మాసిందా?" అంది ఇస్త్రీ అక్క.

"అక్కా, నీ చెయ్యి..."

"ఇదా? అతుక్కుందిలే. కాస్త వంకర తిరిగింది గానీ అన్నం తినడానికి ఇబ్బంది లేదు. పెట్టె మాత్రం ఎడమ చేత్తో పట్టుకుంటా."

"నీకు కోర్టు నుంచి డబ్బు రావాలి కదా. ఆరేళ్ళ నుంచి ఒక్కసారైనా అడగలేదేం?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "జడ్జిగారు ఇస్తామన్నారు కదా బాబూ. అంత పెద్దవాళ్ళు మాటిచ్చాక మళ్ళీ మళ్ళీ అడిగితే బాగుంటుందా? మీ పనుల్లో మీరుంటారు. పిలుస్తారులే అని ఇక్కడే ఉన్నా. దూరం పోతే పిలుపు వినబడదని."

ఫైలు ఎక్కడ దొరికిందో చెబుదామని నోరు తెరిచాడు. ముందు డబ్బు ఇప్పించాకే చెబుదామని మూసుకున్నాడు. ఇస్త్రీకి ఇచ్చిన రెండు చొక్కాలూ ముడతలతోనే వెనక్కి తీసుకుని వచ్చేశాడు. ఆమె ఫైలు తన బల్ల మీద ఉండగా ఆమె చేత పని చేయించుకోవడం తగదు. డబ్బిచ్చినా ఆమె ఒక కాలరు ఎక్కువ రుద్దుతుంది, ఆ ఎక్కువ రుద్దుడు లంచమవుతుంది. ఇదీ ఆయన లెక్క.

ఇంట్లో ఇస్త్రీపెట్టె ఉంది గానీ అది బట్టల కంటే మనుషుల్నే ఎక్కువ కాల్చేది. ముట్టుకుంటే షాకు. చొక్కాలు పరుపు కింద పెట్టి పడుకున్నాడు. పొద్దున చూస్తే పాత ముడతలకి తోడు ఆయన పక్కటెముకలు కూడా అచ్చుపడ్డాయి.

"ఈ అవతారంతో వెళ్తావా?" అంది భార్య. జరిగినదంతా చెప్పాడు. ఆమె మామూలుగా ఆయన జేబులో చిల్లర వేసింది. తరువాత, "ఈసారి దండంలో నీకూ ఒక నంబరు వేసుకో" అంది.

జడ్జిగారు ఆ చొక్కాని చూశారు, ఆ తరువాత ఫైలుని చూశారు. రెండూ ఒకే తీరుగా నలిగి ఉన్నాయి.

"ఇన్నేళ్ళూ ఎక్కడుందండీ ఈ ఫైలు?"

పై అధికారులకి ఇలాంటప్పుడు చెప్పే మాటలు కార్యాలయంలో చాలా ఉన్నాయి. 'వెతుకులాటలో ఉన్నది' అనవచ్చు, 'తగు చర్య నిమిత్తం' అనవచ్చు. గుమాస్తాకి అబద్ధం నోట తిరగదు.

"బీరువా కాలి కింద ఉంది మేడమ్. పెట్టించింది నేనే."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ఆ గుండ్రటి గుంట మీద వేలు పెట్టి చూశారు. "పైన ఉన్న ఫైళ్ళన్నీ దీని మీద నిలబడ్డాయన్నమాట" అని జప్తు వారంటు మీద సంతకం చేశారు. "రోజులు చూసుకోండి. చివరి రోజు సాయంత్రం అయిదింటిలోపు మీ రిజిస్టరులో జమ పడకపోతే నేను కూడా ఏమీ చేయలేను."

టెంట్‌హౌస్ యజమానిని ఆ పేటంతా కుర్చీల బావ అంటారు. ఆయన ఇంట్లో ముందుగది దుకాణం, వెనకగది కాపురం. ఏది ఏదో చెప్పడం మాత్రం కష్టం. రెండింటిలోనూ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు కప్పు దాకా దొంతర్లు పేర్చి ఉన్నాయి. ప్రతి కుర్చీ వీపు మీదా తెల్లరంగుతో ఒక పిట్టబొమ్మ, దాని కింద నంబరు. నడుమ వెండిరంగు సింహాసనంలో ఆయన అత్తగారు కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"రండి రండి! ఎన్ని కుర్చీలు కావాలి?" అంటూ ఎదురొచ్చాడు కుర్చీల బావ.

"కుర్చీలు కాదండి. జప్తు" అన్నాడు గుమాస్తా, చేతులు జోడించి.

"ఎంతమంది వస్తారు దానికి?"

బంట్రోతు వారంటు చదివి వినిపించాడు. కుర్చీల బావ ముఖం వడిలింది. "అదేంటండీ! నెలరోజులు జైల్లో కూర్చుని వచ్చాను కదా. ఆ దోమలు తాగిన రక్తమంతా ఏ ఖాతాలో వేశారు?"

"మీరు అక్కడ కూర్చుంటే ఇక్కడ ఆవిడ చెయ్యి అతకలేదు కదండీ."

కుర్చీల బావ ఒక్క క్షణం తగ్గాడు. "అతకలేదా?"

"అతికింది. వంకరగా."

అత్తగారు చిక్కుడుకాయ పక్కన పెట్టి అల్లుడి వంక చూసింది. అప్పుడు గుమాస్తా పని మొదలుపెట్టాడు. మనిషి బతుకుతెరువు పనిముట్లు జప్తు చేయకూడదు, మిగతావి రాసుకోవచ్చు. అది చట్టం. ఆ చట్టం కుర్చీల బావకి గుమాస్తా కంటే బాగా తెలుసు.

"ఈ మంచం?"

"నాటకాలకి అద్దెకి వెళ్తుందండి. చచ్చిపోయే సీనుకి."

"నిన్న దానిమీద పడుకుంది నేను!" అంది అత్తగారు.

"టీవీ?"

"మ్యాచ్‌లప్పుడు అద్దె."

"ఆ గోడ గడియారం?"

"వంటమేస్త్రీలకి. లేకపోతే భోజనాలు ఆలస్యం చేస్తారు."

"అద్దం, బీరువా, ఆ ఉయ్యాల..."

"అలంకరణకి, సామానుకి, బారసాలలకి." కుర్చీల బావ ఊపు మీద ఉన్నాడు. "ఈ ఇంట్లో అద్దెకి వెళ్ళనిది ఏదీ లేదు సార్, ఒట్టు."

"ఆ సింహాసనం?" అన్నాడు బంట్రోతు.

"దీన్ని ముట్టుకుంటే ఊరుకోను" అని అత్తగారు రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకుంది. "మోకాళ్ళు పట్టేసినదాన్ని. పట్టుకుని లేవడానికి చేతులున్న గట్టి కుర్చీ ఈ ఇంట్లో ఇదొక్కటే. పెళ్ళిళ్ళ రోజుల్లో ఇది అద్దెకి పోతే నేను మంచం దిగను. ఇంకాసేపు ఉంటే ఈ మహానుభావుడు నన్ను కూడా అద్దెకిస్తానంటాడు."

"ఎవరైనా అడగాలిగా అత్తా!"

బంట్రోతు రాసిన జాబితా అంతా కొట్టివేతలే. ముసలావిడ మాత్రం చిక్కుళ్ళు దించి, సింహాసనం చేతులు పట్టుకుని లేచి, రెండు గ్లాసులతో నీళ్ళు తెచ్చింది. "ఎండన పడి వచ్చారు, ముందు తాగండి. పోట్లాట ఎక్కడికీ పోదు." జరిమానా గుమాస్తా ఆ గ్లాసు వంక చూసి నాయనమ్మని తలుచుకుని గుటుక్కున తాగాడు.

నీళ్ళు లోపలికి వెళ్ళాక కుర్చీల బావ గొంతు కూడా కాస్త దిగింది. "సార్, దాపరికం లేకుండా ఒక మాట చెబుతాను. ఆవిడ చేతి సంగతి నా కడుపులో ఉంది. కానీ మీ కోర్టు నాకు బాకీ. రెండేళ్ళ కిందట మీ కొత్త రికార్డు గది ప్రారంభానికి మూడువందల కుర్చీలు, రెండు టెంట్లు, ఎర్ర తివాచీ వేశాను. ఇరవై రెండు వేల నాలుగు వందల బిల్లు. వెళ్ళినప్పుడల్లా రేపు రమ్మన్నారు. ఆ రేపు ఇంకా రాలేదు. పోనీ కేసు వేద్దామంటే, వేయాల్సింది మళ్ళీ మీ దగ్గరే! నా సొమ్ము మీ దగ్గర పెట్టుకుని నన్నే జప్తు చేస్తారా? కంచే చేను మేసినట్టు లేదూ?"

గుమాస్తా గ్లాసు కింద పెట్టాడు. "మీ సామాను జప్తు చేయకూడదు. కానీ మీకు ఎవరైనా బాకీ ఉంటే..."

"ఉంటే?"

"ఆ బాకీని జప్తు చేయొచ్చు."

కుర్చీల బావ ఆలోచించాడు. ఆలోచించేకొద్దీ ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. "అంటే కోర్టు దగ్గర కోర్టే వసూలు చేస్తుందా? చేయండి సార్! చేసి చూపించండి! నాకు రెండు వేల నాలుగు వందలు మిగిలినా చాలు, ఆ తమాషా చూస్తే."

వెనక్కి వస్తున్నంతసేపూ గుమాస్తా తనలో తాను నవ్వుకున్నాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. కోర్టు బిల్లులు చూసేది లెక్కల గుమాస్తా. ఆయనకి కూతురు పుట్టింది, మూడు వారాలుగా సెలవు మీద ఉన్నాడు. ఆయన బల్లకి ఇన్‌ఛార్జి ఎవరు? జరిమానా గుమాస్తానే. కానీ పరాయివాళ్ళ సొరుగు తెరవడం మర్యాద కాదని ఇంతవరకూ తాళం ముట్టుకోలేదు. ఆ రోజు దేవుడికి చెప్పుకుని తెరిచాడు.

బిల్లు పైనే ఉంది. దానికి ఒక అభ్యంతరం గుచ్చి ఉంది. "మూడువందల కుర్చీలకు బిల్లు వచ్చినది. తిరిగి అప్పగించిన చీటీలో రెండువందల తొంభై ఎనిమిది మాత్రమే ఉన్నవి. తేడా రెండు కుర్చీలు ఏమైనవో టెంట్‌హౌస్ వారు వివరించిన పిమ్మట బిల్లు పరిశీలించబడును." ఆ అభ్యంతరం టెంట్‌హౌస్ వారికి ఎవరూ పంపలేదు. పంపినా, కోర్టు దగ్గర మిగిలిపోయిన కుర్చీల సంగతి వాళ్ళెలా వివరిస్తారు?

గుమాస్తా చదవడం ఆపి నెమ్మదిగా లేచాడు. తాను కూర్చున్న ఎర్ర కుర్చీని తిప్పి చూశాడు. వీపు మీద తెల్ల పిట్ట, నంబరు రెండువందల పదిహేడు. రెండేళ్ళుగా ఆ పిట్టకి జారగిలబడి రసీదులు రాస్తున్నాడు. నీళ్ళకుండ దించి దాని కింది కుర్చీ తిప్పాడు. ఇంకో పిట్ట.

"ఇవి ఇక్కడికెలా వచ్చాయి?" అన్నాడు నీరసంగా.

"ఆ రోజు సభ అయ్యాక మీ పాత కుర్చీ కాలు విరిగిందన్నారు సార్" అని బంట్రోతు పైకప్పు వంక చూశాడు. "నేను తెచ్చి వేశాను. మీరు..."

"టీ ఇప్పించాను."

"రెండు కుర్చీలకీ కలిపి ఒకటే టీ సార్" అన్నాడు బంట్రోతు, భారం కొంచెం తగ్గించబోయి.

ఆ సాయంత్రమే రెండు కుర్చీలూ కడిగి కుర్చీల బావకి అప్పగించి చీటీ రాయించుకున్నాడు. అభ్యంతరం తీరింది. బిల్లుకి నాలుగు సంతకాలు కావాలి. ఒకరు సెలవు, ఒకరు శిక్షణ, ఒకరికి పంటినొప్పి. గుమాస్తా ఆ పంటినొప్పాయన ఇంటికి లవంగాలు పట్టుకుని మరీ వెళ్ళాడు. ఈ తిరుగుడంతా మాసిన ముడతల చొక్కాలతోనే. ఇస్త్రీ అక్క రోజూ గేటు దగ్గర ఆయన వంక చూసి, పలకరించబోయి, ఊరుకునేది.

చివరి రోజు మధ్యాహ్నం మూడింటికి చెక్కు సిద్ధమైంది. గుమాస్తా రాసి తెచ్చిన ఉత్తర్వు మీద జడ్జిగారు సంతకం చేశారు. కుర్చీల బావకి రావలసిన సొమ్ములో ఇరవై వేలు ఆయనకి ఇవ్వకుండా జరిమానా ఖాతాకి మళ్ళించాలి.

"ఈ ఉత్తర్వు ఎవరికి అందజేయాలి?"

"లెక్కల గుమాస్తాకండి."

"ఇప్పుడు ఎవరాయన?"

"నేనేనండి."

"అందజేసేది?"

"నేనేనండి."

జడ్జిగారు కళ్ళజోడు తీసి పెదవుల చివర నవ్వు దాచుకున్నారు. "కానివ్వండి. ఎక్కడా కొట్టివేతలు ఉండకూడదు."

తన కుర్చీ పోయింది, అవతలి కుర్చీలో కూర్చునే తీరిక లేదు, కనుక రెండు బల్లల దగ్గరా నిలబడే పని. జరిమానా బల్ల దగ్గర నిలబడి ఉత్తర్వుని బట్వాడా పుస్తకంలో ఎక్కించాడు. కాగితం అక్కడ పెట్టి, చుట్టూ తిరిగి, లెక్కల బల్ల వెనక్కి వెళ్ళి అందుకున్నాడు. తను రాసినదైనా సరే, చదవకుండా సంతకం పెట్టే మనిషి కాదు. మొదటి నుంచీ చదివాడు. చదివి తల అడ్డంగా ఊపాడు.

"ఏమైంది సార్?" అన్నాడు బంట్రోతు.

"తేదీ తప్పు వేశాడు."

"ఎవరు?"

"జరిమానా గుమాస్తా."

బంట్రోతు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. లెక్కల గుమాస్తా అభ్యంతరం రాసి కాగితం తిప్పి పంపాడు. జరిమానా గుమాస్తా అందుకుని, చిన్నబుచ్చుకుని, శుభ్రమైన కాగితం మీద మళ్ళీ రాసి, జడ్జిగారి సంతకం మళ్ళీ చేయించుకుని పరుగెత్తుకొచ్చాడు. గడియారం నాలుగున్నర దాటింది. కిటికీ దగ్గర ఇద్దరు లాయర్లు, గుమ్మంలో రంగులవాడు, వాడి వెనక కుర్చీల బావ గుమిగూడారు. గుమాస్తా ఈ బల్లకీ ఆ బల్లకీ మధ్య తిరుగుతుంటే వాళ్ళ తలలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. బంట్రోతు గ్లాసు ముంచి పట్టుకున్నాడు.

"నీళ్ళు ఏ బల్లాయనకి సార్?"

"ఇద్దరికీ ఇవ్వు!"

లెక్కల బల్ల దగ్గర "అందినది, అభ్యంతరం లేదు" అని సంతకం. జరిమానా బల్ల దగ్గర చెక్కు స్వీకారం, రిజిస్టరులో జమ. చివరి అంకె వేసేసరికి అయిదుకి ఆరు నిమిషాలు. కుర్చీల బావ చప్పట్లు కొట్టబోతే లాయరుగారు చెయ్యి పట్టుకుని ఆపారు, కోర్టు కదా అని.

మర్నాడు ఇస్త్రీ అక్కని లోపలికి పిలిచారు. చేతులకంటిన బొగ్గు కొంగుకి తుడుచుకుంటూ భయం భయంగా వచ్చింది. సొమ్ము తీసుకునే మనిషి ఫలానా అని తెలిసినవాళ్ళెవరైనా సాక్షి సంతకం చేయాలి. గుమాస్తా చెయ్యకూడదు, ఇచ్చేవాడు కదా. మిగిలిన రెండు వేల నాలుగు వందల కోసం వచ్చిన కుర్చీల బావ ముందుకొచ్చాడు.

"నేను చేస్తాను సార్. నాకు బాగా తెలుసు. నేను గుద్దింది ఈవిడనే."

గదిలో ఎవరికీ నవ్వాలో వద్దో తెలియలేదు. ముందు నవ్వింది ఇస్త్రీ అక్కే. "అవును బాబూ, ఈయనే. అంత దగ్గరగా ఇంకెవరూ చూడలేదు నన్ను."

కుర్చీల బావ తలవంచుకుని సంతకం చేశాడు. "టెంటు గుడ్డలు, సోఫా తొడుగులు చాలా ఉంటాయక్కా. ఇక నుంచి ఇస్త్రీకి నీకే ఇస్తాను."

"ఇవ్వు. కానీ నడిచి రా. వ్యాను తేకు."

ఆమె ఎడమచేతి వేలిముద్ర వేసింది. గుమాస్తా నోట్లు లెక్కపెట్టి రెండు చేతులతో ఇచ్చాడు. ఇచ్చాక కూడా చేతులు జోడించే ఉంచాడు.

"అక్కా, ఆలస్యానికి కారణం నేను. నీ కాగితాలు నాలుగేళ్ళు నా బీరువా కాలి కింద ఉన్నాయి. ఊగుతోందని నేనే పెట్టించాను."

ఆమె ఆయన్ని చూసింది, బీరువాని చూసింది, దాని నాలుగో కాలి కింది ఇటుక ముక్కని చూసింది.

"ఊగడం మానిందా?"

"మానింది."

"పోనీలే, అప్పుడైనా ఒకరికి పనికొచ్చాయి" అంది. మళ్ళీ ఆయన చొక్కా వంక చూసి, "కాలరు మాడ్చానని కోపం వచ్చి చొక్కాలు మానేశారనుకున్నా బాబూ. పదకొండు రోజులు నాకు అన్నం సయించలేదు" అంది. గుమాస్తా కళ్ళు తుడుచుకోవడానికి జేబులో చెయ్యి పెడితే, భార్య వేసిన చిల్లర గలగలమంది.

నెలాఖరుకి ముందురోజు పొద్దున, గుమాస్తా కళ్ళు మూసుకుని నంబర్లు చదువుతుండగా వీధిలో చక్రాల చప్పుడైంది. కొత్త చక్రాలు, ఇంకా కిర్రుమనడం నేర్చుకోలేదు. ఇస్త్రీ అక్క బండి తోసుకుంటూ ఇంటి ముందుకే వచ్చింది. గుమాస్తా దండం సగంలో ఆపి, పదకొండు రోజుల చొక్కాలూ మూటగట్టుకుని బయటికి వచ్చాడు.

ఆమె ఒకటి విప్పి వెలుగుకి పట్టి చూసింది. "ఇది చొక్కానా బాబూ, నమిలి పారేసిన కాగితమా?"

"పరుపు కింద పెట్టానక్కా."

"కనబడుతూనే ఉంది. వీటికి మామూలు ధర కుదరదు. నన్ను కాదని వేరే చోట నలిపినందుకు ఒక్కోదానికి ఒకటిన్నర రెట్లు."

"అది జరిమానా అంటారు" అంది గుమ్మంలోంచి భార్య, సంతోషం పట్టలేక.

గుమాస్తా మారు మాట్లాడకుండా జేబులోంచి తీసి లెక్కపెట్టి ఇవ్వబోయాడు. ఇస్త్రీ అక్క చెయ్యి చాపలేదు.

"ఉండండి బాబూ. ముందు కాసిని మంచినీళ్ళు తాగి రండి. దాహంతో ఉన్నవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోకూడదట, మీ బంట్రోతు చెప్పాడు."